ఒంటికంటి నిద్ర

బాతులు ఒక కన్ను తెరుచుకుని నిద్రపోతాయన్న సంగతి నాకు నలభై ఒకటో ఏట తెలిసింది. అదీ మా డాక్టర్ భ్రమరాంబగారు డిసెంబరు చలిలో నన్ను కొల్లేటి గట్టు మీదికి ఈడ్చుకెళ్ళి, బైనాక్యులర్లు చేతిలో పెట్టి చూపిస్తే. నీళ్ళ మీద పది బాతులు వరసగా కునుకు తీస్తున్నాయి. మధ్యలో ఉన్నవి రెండు కళ్ళూ మూసుకున్నాయి. వరసకు రెండు చివర్లా ఉన్నవి మాత్రం లోపలివైపు కన్ను మూసి, బయటివైపు కన్ను తెరిచి ఉంచాయి.

“చూశావా కృపా, ఆ చివరిదాని మెదడులో ఒక సగం నిద్రపోతోంది. రెండో సగం కాపలా కాస్తోంది,” అన్నారావిడ.

“నాకా వైభోగం లేదు మేడమ్. నాలుగింటికి లేపారు. నావి రెండు సగాలూ నిద్రపోతున్నాయి.”

ఆవిడ నవ్వలేదు. బుర్రలో ఏదైనా ఆలోచన దూరిందంటే ఇక ఆవిడ నవ్వదు, తినదు, ఎదుటివాళ్ళను తిననివ్వదు.

నా పేరు కృపావతి. ఏలూరు శివార్లలో ఒక చిన్న నిద్ర పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్‌ని. మనుషుల తలలకు జిగురు రాసి తీగలు అంటించడం, అవి గీసే గీతలు చదవడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళలో ఎన్ని తలలు చూశానో లెక్క లేదు. పైకి ఎంత పెద్దమనిషైనా జిగురు రాయించుకునేటప్పుడు చిన్నపిల్లాడిలా ముఖం చిట్లిస్తాడు.

కొత్త చోట మొదటి రాత్రి సరిగ్గా నిద్ర పట్టదని అందరికీ తెలిసిందే. తీగలు పెట్టి చూస్తే దానికి కారణం కనిపిస్తుంది. ఆ రాత్రి మెదడులో ఒక పక్క గాఢంగా నిద్రపోతుంది, రెండో పక్క పైపైన పడుకుని చప్పుళ్ళు వింటూ ఉంటుంది. బాతుల విద్య మనకీ కొంచెం మిగిలిందన్నమాట. ఆ కాస్తనే పట్టుకుని భ్రమరాంబగారు మూడేళ్ళు కష్టపడి ఒక పట్టీ తయారుచేశారు. నుదుటి మీదుగా తల చుట్టూ కట్టుకుంటే అది సన్నటి కరెంటుతో మెదడులో ఒక సగాన్ని నిద్రపుచ్చుతుంది. పన్నెండు గంటలయ్యాక దాన్ని లేపి రెండోదాన్ని పడుకోబెడుతుంది. మనిషి మాత్రం ఇరవై నాలుగు గంటలూ లేచి తిరుగుతూనే ఉంటాడు.

“ఇంత మెలకువ ఎవరికి కావాలి మేడమ్?” అని అడిగాను.

అది కావలసిన మనిషి తనంతట తానే మా గుమ్మంలోకి వచ్చాడు. పేరు సైదు ఏడుకొండలు. కొల్లేటి అంచున రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నాడు. చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నంతసేపూ రొయ్యకు గాలి అందుతుంది. తెల్లవారుజామున కరెంటు పోయి, అరగంట లోపల జనరేటరు వేయకపోతే, పొద్దున్నకు పంటంతా చచ్చి తేలిపోతుంది. అతనికి వరసగా రెండు పంటలు అలాగే పోయాయి. రెండుసార్లూ కునుకు పట్టింది.

“మూడోది కూడా పోతే చెరువొదిలేసి కూలికెళ్ళిపోవాలండీ. నాకు నిద్దర లేకుండా చేసే మందేదైనా ఉంటే ఇప్పించండి,” అన్నాడు.

భ్రమరాంబగారి కళ్ళు మెరిశాయి. నాకు అప్పుడే భయం వేసింది.

పగలు ఏ సగం మెలకువగా ఉండాలి, రాత్రి ఏ సగం అన్న ప్రశ్న వచ్చింది. చాలామందికి మాటలు, లెక్కలు ఎడమ సగంలో ఉంటాయి. కుడి సగం చూస్తుంది, వింటుంది, ముఖాలు గుర్తుపడుతుంది, మాట మాత్రం రాదు. మేత కొట్టువాళ్ళతో బేరాలూ మీటర్ల లెక్కలూ పగలే కదా, అందుకని పగలు ఎడమ అనుకున్నాం. రాత్రి ఊరికే చెరువుకేసి చూస్తూ ఉంటే చాలు కాబట్టి కుడి. “రాత్రిపూట రొయ్యలతో మాట్లాడే పనేముంది?” అన్నాను నేను. అందరం నవ్వుకున్నాం. ఆ టేబులు చుట్టూ కూర్చున్న నలుగురిలో ఒక్కరికీ చెరువు గట్టు మీద కాపురం చేసిన అనుభవం లేదు. పంట వేసిన రోజు నుంచి రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి దాకా మొగుడూ పెళ్ళాం ఆ గట్టు మీది షెడ్డులోనే ఉంటారనీ, పగలంతా పనితో సరిపోయి వాళ్ళు నాలుగు మాటలు చెప్పుకునేది పొద్దుగూకాకేననీ మాకెవరికీ తట్టలేదు.

పట్టీ కట్టింది పంట వేసిన రోజునే. నూట పది రోజుల పంట. నేను ప్రతి గురువారం స్కూటీ మీద గట్టుకు వెళ్ళి తీగలు సరిచూసి, పట్టీలో నమోదైన గీతలు కాపీ చేసుకుని వచ్చేదాన్ని.

మొదటి గురువారం ఏడుకొండలు భార్య నాంచారమ్మ నాకు టీ ఇచ్చి, గొంతు తగ్గించి అడిగింది. “అమ్మగారూ, ఈయన్ని చూత్తే మీకేవన్నా తేడాగా ఉందా?”

ఎడమ మెదడు నడిపేది కుడి పక్కను కదా, ఏడుకొండలు కుడి కన్ను విప్పారి ఉంది. ఎడమ కన్ను సగం వాలిపోయి ఉంది. నడక కాస్త ఒక పక్కకి లాగుతోంది. మాటకు తడబాటు లేదు. ఆ రోజు మేత ఎంత వేశాడో, నీళ్ళలో ఉప్పు ఎంతుందో, ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయో గడగడా ఒప్పజెప్పాడు.

“బాగానే ఉన్నాడు కదమ్మా.”

“మొన్న జొరం వచ్చి పడుకున్నానండీ. జొరంగా ఉందయ్యా అంటే, ఎంతుంది అన్నాడు. నూటొకటి అన్నాను. తలకాయూపి మోటారు కాడికెళ్ళిపోయాడు.”

నేను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాను.

“రాత్రాయన అలా కాదండి,” అంది తనే మళ్ళీ.

రాత్రాయన. ఆ మాట నేను మొదట విన్నది ఆమె నోటనే.

నెల తిరిగేసరికి మా సెంటర్లో అందరూ ఆ మాటే వాడుతున్నారు. రాత్రాయనకు ఎడమ కన్ను తెరిచి ఉంటుంది, మాట రాదు. పేరు పెట్టి పిలిస్తే చూస్తాడు, చిన్న చిన్న మాటలు అర్థమవుతాయి. ఒక సాయంత్రం ఏడింటికి అతను చెరువుకేసి కాసేపు చూసి, గబగబా వెళ్ళి ఆపి ఉంచిన ఏరియేటర్లు కూడా వేసేశాడు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిందని మా మీటరు చెప్పడానికి ఆపైన ఇరవై నిమిషాలు పట్టింది. నీటి రంగులో ఏం చూశాడో చెప్పడానికి అతనికి మాటల్లేవు. భ్రమరాంబగారు ఆ రోజు ఆనందంతో రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నారు.

మర్నాడు పగటాయన్ని అడిగారావిడ. “నిన్న సాయంత్రం ఏరియేటర్లన్నీ ముందే ఎందుకు వేశావు?”

“నేనెయ్యలేదండి.”

“నువ్వే వేశావయ్యా. గట్టు మీద మేం పెట్టిన కెమెరాలో వీడియో ఉంది.”

అతను వీడియో చూశాడు. ఎవరో దూరపు బంధువును గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూశాడు. “నాకు తెల్దండి,” అన్నాడు చివరికి.

దాని గుట్టు మా ఎలుకలు విప్పాయి. పద్నాలుగు ఎలుకలకు చిన్న చిన్న పట్టీలు కట్టి, ఒక సగానికి ఒక దారి, రెండో సగానికి వేరే దారి నేర్పాం. ఒక సగం నేర్చుకున్నది రెండోదానికి అందడం లేదు. మెదడు రెండు పక్కలా కలిసి నిద్రపోయినప్పుడే ఆ ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుందని తేలింది. అలాంటి నిద్ర ఈ ఎలుకలకు లేదు. అందరం ఎగిరి గంతేశాం, ఇదొక గొప్ప విషయమని. తర్వాత పట్టీలు విప్పాం. ఎలుకలు ఒకటిన్నర రోజు మొద్దునిద్ర పోయి లేచాయి. లేచాక పద్నాలుగింటికీ ఒక్క దారే గుర్తుంది. ఎక్కువ పని చేసిన సగం తన జ్ఞాపకాలను రెండోదాని మీద రాసేసింది. రెండో దారి ఊసే లేదు.

“మనుషుల్లో ఏ సగం గెలుస్తుంది మేడమ్?” అన్నాను.

“మాటలున్నదే గెలుస్తుందనుకుంటా,” అన్నారావిడ.

ఆ గురువారం నేను గట్టు మీద సాయంత్రం దాకా ఉండిపోయాను. ఎందుకున్నానంటే చెప్పలేను, ఆ రాత్రాయన్ని ఒకసారి చూడాలనిపించింది. ఆరు దాటగానే ఏడుకొండలు మంచం మీద కూర్చున్నాడు. ఎడమ కన్ను మెల్లగా విచ్చుకుంది, కుడిది వాలింది. అతను తల తిప్పి షెడ్డంతా చూసి, నాంచారమ్మ దగ్గర ఆగాడు. ఆమె గిన్నెలు తోముతోంది. వెళ్ళి పక్కన చతికిలబడి, కడిగిన గిన్నెలు ఎడమ చేత్తో అందుకుని బోర్లించడం మొదలుపెట్టాడు. కుడిచేయి ఒళ్ళో బద్ధకంగా పడి ఉంది. పగలు ఆ మనిషి ఆమెను దాటుకుంటూ పదిసార్లు తిరగడం నేను చూశాను, ఒక్కసారి ఆగలేదు.

గిన్నెలయ్యాక అతను టార్చి తీసుకుని చెరువు చుట్టూ తిరగడానికి వెళ్ళాడు. అప్పుడు నాంచారమ్మ నాకు చెప్పింది. వాళ్ళకు తొమ్మిదేళ్ళ కింద ఒక కొడుకు పుట్టి పదకొండో రోజున పోయాడు. ఆ తర్వాత మళ్ళీ పిల్లలు కలగలేదు.

“ఆడి మాటెత్తితే చాలండి, చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయేవోడు. తొమ్మిదేళ్ళూ అంతే. ఒక్కనాడు కూకుని విన్న పాపాన పోలేదు. ఈ రాత్రాయన కూకున్నాడమ్మా. ఆడి ముక్కెలా ఉండేదో, వేళ్ళెలా ముడుచుకునేవోడో అన్నీ చెప్పాను. నా చెయ్యి పట్టుకుని ఏడిశాడు. ఒక్కనాడు కాదు, రోజూ అడుగుతున్నట్టే చూత్తాడు. నేను చెప్తాను. పగలు పడుకోనండి, పనుంటది కదా. రాత్రి పడుకుంటే ఈయన ఒక్కడే అయిపోతాడని పడుకోను.”

ఆమె కళ్ళ కింద నల్లటి చారలు అప్పుడు గమనించాను. పట్టీ మొగుడికి కట్టాం, నిద్ర ఆమెకు పోయింది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఎనభయ్యో రోజున గీతల్లో ముళ్ళలా పొడుచుకొచ్చిన మొనలు కనిపించాయి. ఒకటీ అరా అయితే పట్టించుకునేదాన్ని కాదు. వారం తిరిగేసరికి గుత్తులుగా వస్తున్నాయి. భ్రమరాంబగారు కాగితం చూసి కళ్ళద్దాలు తీసేశారు.

“ఇంకో పది రోజులుంటే ఫిట్స్ మొదలవుతాయి. వస్తే ఆగవు. పట్టీ తీసెయ్యాలి, కృపా. మనిషి పోతాడు.”

ఇద్దరం వెళ్ళి పగటాయనకు చెప్పాం. అతను శ్రద్ధగా విన్నాడు.

“ఇంకా ఇరవై మూడు రోజులుందండి పట్టుబడికి. ఇప్పుడు పడితే రొయ్య సైజు లేక కౌంట్ రాదు, రేటుండదు. తియ్యను.”

“ప్రాణం పోతుందయ్యా!”

“పదిలో ఎంతమందికి పోద్దండి?”

మా దగ్గర ఆ లెక్క లేదు. అతను లేచి మేత వేయడానికి వెళ్ళిపోయాడు. పట్టీ ఎప్పుడు విప్పాలన్నది అతని ఇష్టమేనని, ఇంకెవరూ బలవంతం చేయకూడదని ఒప్పందంలో మేమే రాసుకున్నాం. భ్రమరాంబగారు నాంచారమ్మ వైపు తిరిగారు.

“అతను ఒప్పుకోడు. నువ్వు భార్యవి. పట్టీకున్న ఆ రెండు కొక్కేలూ నొక్కితే ఊడొస్తుంది. నీ మొగుడు బతుకుతాడు.”

“మరి రాత్రాయన?”

డాక్టరుగారు ఆమె పక్కన కూర్చున్నారు. “అతను వేరే మనిషి కాదమ్మా. ఈ మూడు నెలల రాత్రులు గుర్తుండవు, అంతే.”

“మీ మీటర్లో ఒక్కడేనండి. నాకు ఇద్దరు. నా పిల్లాడికి ఏడిసినోణ్ణి నా చేత్తో నేనెలా తీసెయ్యను?” అని నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “తియ్యకపోతే ఇద్దరూ పోతారు. తెలుసండి. తెలిసే అంటన్నాను.”

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో చేరాక ఒక పేషెంటు ఇంట్లో ఏడవడం అదే మొదటిసారి.

“మేడమ్,” అన్నాను ముక్కు చీదుకుని, “అతను ఒప్పుకోలేదన్నారు. ఏ అతను? మనం ఒక్కణ్ణే అడిగాం.”

ఆవిడ నన్ను తేరిపార చూశారు. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ నన్ను అలా చూడటం కూడా అదే మొదటిసారి.

ఆ సాయంత్రం షెడ్డులో దీపం వేసుకుని కూర్చున్నాం. మాట రాని మనిషిని అడగడమెలా? ఆవిడ రెండు బొమ్మలు గీశారు. ఒకదానిలో పట్టీ కట్టుకున్న మనిషి చెరువు దగ్గర నిలబడ్డాడు, తలలో మంట. రెండో దానిలో పట్టీ పక్కన పడేసి మంచం మీద పడుకున్నాడు. పడుకున్నాక ఏం పోతుందో గీయడం ఆవిడకు చేతకాలేదు.

“అది నేను చెప్పానండి ఇందాక, ఈయన రాగానే,” అంది నాంచారమ్మ. “నువ్వు లేకుండా పోతావంట అని చెప్పాను. విన్నాడు. ఎంత తెలిసిందో ఏమో.”

ఏడుకొండలు రెండు బొమ్మలూ చూశాడు. తర్వాత వాటిని కింద పెట్టి నాంచారమ్మ ముఖంలోకి చూడటం మొదలుపెట్టాడు. ఆమె నవ్వు తెచ్చిపెట్టుకుంది. అతను ఎడమ చేతి బొటనవేలితో ఆమె కళ్ళ కింది నలుపును మెల్లగా తుడిచాడు, అది తుడిస్తే పోయేదేమో అన్నట్టు. మళ్ళీ తుడిచాడు. అది పోలేదు.

అప్పుడు లేచి, నా మణికట్టు పట్టుకుని గట్టు మీదికి లాక్కెళ్ళాడు. జనరేటరు స్టార్టరు దగ్గర ఆగి నా చేతిని దాని మీద పెట్టాడు. ఏరియేటర్ల వైపు చూపించాడు, నా కళ్ళ వైపు చూపించాడు. నా చేయి తీయబోతే మళ్ళీ అక్కడే పెట్టి నొక్కాడు. నన్ను కాపలా పెడుతున్నాడని అర్థమైంది. ఎలుకలకు తప్ప ఎవరికీ మేత వేసి ఎరగని నన్ను!

“చూస్తాను. వెళ్ళయ్యా, నేను చూస్తాను,” అన్నాను.

షెడ్డు తలుపులోంచి చూస్తున్నాను. అతను మంచం మీద కూర్చుని, ఎడమ చెయ్యి ఎత్తి, ఒక కొక్కెం నొక్కాడు. రెండోది కుడి పక్కనుంది, తడిమితే దొరకలేదు. తల ఆమె వైపు వంచాడు. నాంచారమ్మ చేయి పైకి లేచింది, ఆగింది. అతను ఆమె వేలు పట్టుకుని కొక్కెం మీదికి తెచ్చి, ఆమె వేలి మీద తన వేలు ఉంచి తనే నొక్కాడు. పట్టీ ఊడి మంచం మీద పడింది. ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాడు. కాసేపు ఆ ఎడమ కన్ను ఆమెను చూస్తూనే ఉంది, తర్వాత అదీ మూతపడింది.

పక్క చెరువు రైతు వచ్చి నన్ను విడిపించేదాకా నేను స్టార్టరు మీంచి చెయ్యి తీయలేదు. కరెంటు పోలేదు.

ఏడుకొండలు పందొమ్మిది గంటలు నిద్రపోయి మర్నాడు మధ్యాహ్నం లేచాడు. రెండు కళ్ళూ తెరుచుకున్నాయి. ముందు అడిగిన మాట “చెరువెలా ఉంది?” అని. బాగుందని చెప్పి నేను ప్రశ్నల కాగితం తీశాను. నిన్న పగటి మేత లెక్క గుర్తుంది. మీటరు రీడింగు గుర్తుంది. నిన్న సాయంత్రం గుర్తు లేదు. బొమ్మలు చూపించాను, గుర్తు లేదు. మూడు నెలల రాత్రుల్లో ఒక్క రాత్రీ గుర్తు లేదు. పట్టీ తీసింది మేమేననుకుని నా మీద విసుక్కున్నాడు.

నాంచారమ్మ మంచినీళ్ళ చెంబుతో గుమ్మంలో నిలబడి అన్నీ వింటోంది. అతను చెంబు అందుకోబోయి ఆమెకేసి చూశాడు.

“ఏమే, ఏడుత్తన్నావేంటి?”

“తెలిసినాయన ఒకాయన ఎల్లిపోయాడయ్యా.”

“ఎవరు?”

ఆమె నా వైపు చూసింది. నేను కాగితంలోకి చూశాను.

“మన పిల్లాడి కోసం నాతో కూకుని ఏడిసినాయన.”

ఏడుకొండలు కాళ్ళు కింద పెట్టి చెప్పుల్లో దూర్చాడు. లేచి ఆమె పక్కనుంచి గుమ్మం దాటాడు. నాంచారమ్మ అలవాటుగా తప్పుకుని దారిచ్చింది. అతను మూడడుగులు వేసి, చెరువుకేసి చూస్తూ నిలబడిపోయాడు. మాట్లాడినప్పుడు ఇటు తిరగలేదు.

“పరాయోడెవడే మన పిల్లాడికి ఏడిసేది? ఆణ్ణి ఈ రెండు చేతుల్తో తీసుకెళ్ళి మట్టిలో పెట్టింది నేను. చెప్పులేసుకుని ఎల్లిన పెతిసారీ గట్టెమ్మట కూకుని ఏడిసింది నేను. నీకు కనపడకూడదని ఏడిశాను.”

నాంచారమ్మ చెంబు కింద పెట్టి అతని ముందుకు వెళ్ళి నిలబడింది.

“ఇప్పుడు కనపడు,” అంది.